కొండవీడు మీంచి మా తోడికోడలి పత్తి

మా తోడికోడలు సుజాత మొన్న కొండవీడు కొండమీద నీటి ధార కింద తడుస్తూ ఫొటోలు దిగి కుటుంబం గ్రూపులో పెట్టింది. "నా కోడలు మహాలక్ష్మిలా ఉంది" అని మా అత్తగారు కింద రాశారు. నేనూ ఆవిడ కోడలినేగా! కడుపు భగ్గుమంది. మా చేనూ, మరిది వాళ్ల చేనూ ఆ కొండకిందే పక్కపక్కన ఉన్నాయి. ఇన్నేళ్లలో మా ఆయన నన్ను ఒక్కసారి కొండెక్కించిన పాపాన పోలేదు.

ఆదివారం తెల్లవారగానే చిలకలూరిపేట నుంచి బండి మీద బయల్దేరాం. ఘాట్ రోడ్డుంది గానీ, సుజాత నడిచి ఎక్కిందట, నేనూ నడిచే ఎక్కుతానన్నాను. "పైన ఏమీ దొరకవమ్మా, నీళ్లు పట్టుకెళ్లండి" అన్నాడు టీ కొట్టాయన. రెండు సీసాలు నలభై రూపాయలు. ఆగుతూ ఆగుతూ ఎక్కేసరికి రెండు గంటలు పట్టింది. వానలకు పైనున్న చెరువులు నిండి, నీళ్లు బండల మీంచి దూకుతున్నాయి. చాలా బాగుంది. నేను మాత్రం సుజాత నిలబడ్డ బండ వెతికి, దానికంటే పై బండెక్కి ఫొటోలు తీయించుకున్నాను.

తర్వాత పాత కోట బురుజు దగ్గరికెళ్లాం. కింద చేలన్నీ కనిపిస్తాయి. మా ఆయన ఒకవైపే కళ్లప్పగించి చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారండీ?"

"వాడి పత్తి చూడవే. మనకంటే తెల్లగా విచ్చింది వెధవకి!"

ఈయనకీ తమ్ముడి మీద కుళ్లేనన్నమాట. నేనూ చూశాను. మేం ఏరింది అప్పటికే ఇంటికి చేరింది. వాళ్లు ఏరిన పత్తి మాత్రం చేలోనే పట్టాల మీద ఆరబోసి ఉంది. వెనక్కి తిరిగితే కొండకవతల నల్లగా వాన. కొండ అడ్డం కాబట్టి కిందున్నవాళ్లకు అది కనపడదు. తడిసిన పత్తిని ఎవరూ కొనరు. తడిస్తే తడవనీ అని, నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం అనిపించింది. తర్వాత నా మీద నాకే అసహ్యమేసి ఫోన్ చేశాను.

"సుజాతా, పత్తి ఎత్తండే! కొండవెనక వానొస్తోంది!"

చినుకులు మొదలవగానే మేం పక్కనున్న పాత మండపంలోకి పరిగెత్తాం. వాన వెలిశాక ఆమే ఫోన్ చేసింది.

"దాదాపు అంతా ఎత్తేశాం అక్కా. ఇంతకీ నువ్వెక్కడున్నావ్?"

"కొండమీద."

ఫక్కున నవ్వింది. "మా చేను చూస్తున్నారా? మొన్న మేమూ అంతే! మీ మిరపతోట చూసి మీ మరిదికి ముద్ద దిగలేదనుకో. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. అందుకే ఫొటోల్లో నేనొక్కదాన్నే ఉన్నా!"

నా ఫొటోలూ గ్రూపులో పెట్టాను. అత్తగారు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు. మళ్లీ మండింది. కొండెక్కితే మనసు విశాలమవుతుందంటారు గానీ, నాకు మాత్రం పక్కచేను ఇంకా బాగా కనిపించింది. మీరు వానాకాలంలో వెళ్తే పట్టున్న చెప్పులు వేసుకోండి, బండలు జారతాయి. కింద చేలున్న చుట్టాల నెంబరు మాత్రం, మాటల్లేకపోయినా సరే, ఫోన్లో ఉంచుకోండి.