చాందీ పైచేతి గాజులు

ఒంటి వేడి చూడటానికి మనవాళ్ళకు యంత్రం అక్కర్లేదు. చెయ్యి తిప్పి నుదుటిమీద పెడతారు, కాలిపోతున్నదంటారు. ఊపిరి ఎక్కువైతే డొక్కలు ఎగరడం కళ్ళకు కనబడుతుంది. నాడి మణికట్టు దగ్గర వేలికి తగులుతుంది. తీరిక ఉన్నవాడు గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టుకోవచ్చు, నిమిషానికి అరవైకీ వందకీ మధ్య ఉంటే పనికి పోవచ్చు. నాలుగోది రక్తపోటు. అది దొంగ. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట గట్టుమీద నిలబడి చూడండి. నీటి రంగు తెలుస్తుంది, వేగం తెలుస్తుంది. అది గట్టును ఎంత బలంగా నెడుతున్నదో మాత్రం గట్టు తెగినప్పుడే తెలుస్తుంది.

చాందీ సంగతి చెబుదామని కూర్చుని నదుల్లో పడ్డాను. మోతె దాటాక ఒక లంబాడీ తండా ఉంది. చాందీ ఆ తండాకు కోడలుగా వచ్చి, ఇప్పుడు తనే ఒక కోడలికి అత్త. మిరప ఏరడానికి పోతే ఆమె సాలు అందరికంటే ముందు తెగేది. నోరు అంతకంటే ముందు లేచేది. నాట్లకాలంలో కోదాడ వైపు కూలికి పోయినప్పుడు అక్కడి రైతులు "అండీ" అంటుంటే, వాళ్ళ మాటను వాళ్ళకే అప్పజెప్పి నవ్వించేది. ఆమె చేతులకు మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక వరుస, మోచేతి పైన ఇంకో వరుస తెల్లగాజులు. ఒకప్పుడు దంతంతో చేసేవారు, ఇప్పుడు ప్లాస్టిక్. వస్తువు మారినా కట్టడి మారలేదు. పైచేతి గాజులు మొగుడు బతికున్నంతకాలం తియ్యరు. తీశారంటే పోయాడని అర్థం.

ఆమె మొగుడు బిచ్చా మిర్యాలగూడలో ఒక బియ్యపు మిల్లులో హమాలీ. ఆదివారం ఇంటికి వస్తాడు.

మొన్నటి చలికాలం చాందీకి తలనొప్పి పట్టుకుంది. తలకు గుడ్డ బిగించి కట్టుకుని పనికి పోయేది. ఆ రోజుల్లోనే నర్సు సుమలత తండాకు వచ్చి, ముప్పై దాటినవాళ్ళందరినీ రక్తపోటు చూడటానికి అరుగు దగ్గర కూర్చోబెట్టింది.

"అవ్వా, పైగాజులు జర తియ్యి. పట్టీ సుడతా."

"ఏందీ?"

"గాజులు. రెండు నిమిషాలే. మల్ల ఏసుకుందువు."

"నా మొగడు మిర్యాలగూడల బస్తాలు మోస్తుండు బిడ్డా. సచ్చిండని నీకెవరు సెప్పిన్రు?"

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. "సిస్టరమ్మ ఫోన్ల వచ్చిందేమో!" అన్నది ఒకామె.

సుమలత కూడా నవ్వి, గాజుల మీదే పట్టీ చుట్టింది. యంత్రం గాలి పీల్చింది, వదిలింది, ఏ అంకే చూపకుండా కూతపెట్టి ఊరుకుంది.

"మిషన్ గూడ నా మొగనికి భయపడ్డది సూడు!" అన్నది చాందీ.

ఈ పోటు కొలవడానికి ఒక పద్ధతి ఉంది. వీపు ఆనించి ఐదు నిమిషాలు పలక్కుండా కూర్చోవాలి. కాలిమీద కాలు వెయ్యకూడదు. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీని ఒంటికే చుట్టాలి, రవిక చేతిమీద కాదు. మన దగ్గర ఐదు నిమిషాలు పలక్కుండా ఉండేది శవమొక్కటే కనుక పద్ధతి పుస్తకాల్లోనే ఉండిపోయింది. కాలికి చుట్టే పెద్ద పట్టీ కూడా ఉంటుంది; అది సుమలత సంచిలో లేదు. ఆమె చేతిలోని ట్యాబ్‌లో పోటు అంకె గడి నిండకపోతే పేజీ ముందుకు కదలదు. అరుగు చుట్టూ ఇంకా సగం తండా కూర్చుని ఉంది. నూట ఇరవై, ఎనభై అని కొట్టింది. లోకంలో ఆరోగ్యవంతులందరి అంకె అది.

ఆదివారం బిచ్చా వచ్చినప్పుడు కోడలు సింధు కదిలించింది.

"మామా, అత్తకు దినాం తల పగులుతున్నది. నువ్వొక్క మాటంటె గాజులు తీసి సూపిచ్చుకుంటది."

"నేనేమన్న వద్దన్ననా? దాని గాజులు, దాని ఇష్టం."

చాందీ అతని ముఖంలోకి చూస్తూ ఇంకో మాట కోసం ఆగింది. అతను తలవంచుకుని రొట్టె నమిలాడు. బిచ్చాకు రూప్లా అనే అన్న ఉండేవాడు. అతని భార్యకు చెయ్యి విరిగితే కట్టు కట్టడానికి దవాఖానలో పైగాజులు కోశారు. ఆ పంట ఇంటికి రాకముందే రూప్లా ట్రాక్టర్ కింద పడ్డాడు. ట్రాక్టర్ నడిపినవాడు తాగి ఉన్నాడన్న సంగతి తండాలో ఎవరికీ గుర్తులేదు, గాజుల సంగతి అందరికీ గుర్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మిల్లు దగ్గర పెట్టిన ఉచిత శిబిరంలో బిచ్చాకు పోటు ఉన్నదని ఎప్పుడో తేలింది. మగవాడి చేతికి అడ్డమేముంది? మాత్రల పట్టీ ఎప్పుడూ అంగీ జేబులోనే. ఒక్కరోజు కూడా మరవడు.

మిరప రెండో ఏరుడులో చాందీ సాలు మధ్యలో కూర్చుండిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. సూర్యాపేట దవాఖానలో నర్సులు ఎవరినీ అడగలేదు. గాజులు కత్తిరించి పట్టీ చుడితే పై అంకె రెండు వందలు దాటింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. "వారం వారం పోటు చూపించి దాన్నిబట్టి మాత్రలు మార్చాలి. ఇంకోసారి ఇట్లా వస్తే బతకదు" అని డాక్టరు సింధుకు రెండుసార్లు చెప్పాడు.

మిర్యాలగూడ నుంచి పరుగున వచ్చిన బిచ్చా మంచం పక్కన నిలబడ్డాడు. ముందు ఆమె ముఖం చూడలేదు, చేతులు చూశాడు.

"నేనింక బతికే ఉన్న గద... ఎవలు తీసిన్రు?"

మిల్లులో తోటివాళ్ళు ఊరుకుంటారా? "బిచ్చా, నీ దినాలకు మమ్మల్ని పిలుస్తవా లేదా? ముందే సెప్పు, లీవు పెట్టుకోవాలె" అన్నాడు పరశురాములు. అందరూ నవ్వారు. బిచ్చా కూడా నవ్వాడు. చాందీని తండాకు తెచ్చిన వారమే కొత్త గాజులు కొని తెచ్చాడు. మంచంమీద ఉన్న భార్య రెండు చేతులకూ నూనె రాసి, తనే పైదాకా ఎక్కించాడు. బిగుతుగా ఉన్నవే తెచ్చాడు, జారకుండా. తన గుండెకు కట్టుకున్న తాయెత్తులాగా ఆమె చేతులను వాడుకున్నాడనిపిస్తుంది నాకు. పెళ్ళాం ఒంటిమీద మొగుడి ఆయుష్షు రాసిపెట్టిన పెద్దమనిషి, ఆమె ఆయుష్షు ఎవరి ఒంటిమీద రాశాడో ఇన్ని ఊళ్ళు తిరిగినా నాకెక్కడా కనబడలేదు.

ఆ మరుసటి సోమవారం సుమలత వచ్చింది. బిచ్చా ఇంకా మిల్లుకు బయల్దేరలేదు. మంచం దగ్గర కూర్చుని, గాజులు చూసి, నర్సు సంచి విప్పకుండానే ఆగిపోయింది.

"గిప్పుడు గూడనా తాతా? ఈమె పోటు తెల్వకుండ మాత్రలెట్ల ఇయ్యాలె? ఎక్కువైనా పాయే, తక్కువైనా పాయే."

చాందీ ఎడమచెయ్యి ఎత్తి, చచ్చుబడిన కుడిచేతి గాజులను ఒక్కొక్కటే కిందికి లాగడం మొదలుపెట్టింది. తోలు గీరుకుపోయింది. ఆఖరి గాజు మంచంమీద పడ్డాక, ఖాళీ అయిన చేతిని ఎడమచేత్తో ఎత్తి నర్సు ముందు పెట్టింది.

సుమలత ఆ చేతిని మెల్లగా మంచంమీద పెట్టింది. "పడిపోయిన సెయ్యిల నికరంగ రాదవ్వా. ఆ మంచి సెయ్యి కావాలె."

మంచి చేతి గాజులు తియ్యాలంటే కుడిచెయ్యి ఆడాలి. చాందీ ఎడమచేతిని బిచ్చా వైపు చాపింది. నోరు వంకరగా కదిలింది గానీ మాట రాలేదు.

"నేను తీస్తనత్తా," అని సింధు లేచింది. చాందీ తల అడ్డంగా ఊపింది. చెయ్యి బిచ్చా వైపే ఉంది.

బిచ్చా తువ్వాలు దులిపి భుజంమీద వేసుకున్నాడు. జేబు తడిమి చూసుకున్నాడు.

"బస్సు పోతది," అని గడప దాటాడు.

చాందీ ఆ చేతినే నోటి దగ్గరికి తెచ్చుకుని, మోచేతి పైనున్న గాజును పక్కపళ్ళతో కరిచి పట్టింది.