నేను దాటేసిన పుట

చెట్టికరై కాలేజీలో చదివే నా మనవరాలు మొన్న వార్షికోత్సవం నాటకంలో రష్యా మంత్రగత్తె వేషం వేస్తున్నానని చెప్పి, అటక మీది పాత రోకలి అడిగి తీసుకుంది. కాసేపటికి మైనపు ముక్కు, దాని మీద పులిపిరి, పళ్ళకు నల్లరంగుతో, నడుం వంచి రోకలి ఊపుకుంటూ వసారాలోకి వచ్చింది. ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఛీ, ముసలితనాన్ని ఇంత వికారం చేసి నవ్వుకోవడానికి మనసెలా వస్తుందని తిట్టబోయి ఆగిపోయాను, ఎందుకంటే మా వీధిలో ఆ వేషం మొదట కట్టించినదాన్ని నేనే.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మా చిన్నప్పుడు రష్యా కథలు మంచి కాగితం మీద రంగుల బొమ్మలతో తెలుగులో అచ్చయి వచ్చేవి. మా మేనమామ చిత్తూరులో అలాంటిదొకటి కొని తెచ్చాడు. కోడికాళ్ళ మీద నిలబడిన గుడిసె, చుట్టూ పుర్రెల కంచె, అందులో ఇనుప పళ్ళతో, ఒక కాలు ఉత్త ఎముకగా ఉండే ముసలిది రోట్లో కూర్చుని రోకలితో తోసుకుంటూ ఆకాశంలో తిరిగేది. తమిళనాట పెన్నాగరం పక్కన మా పల్లెలో ఇళ్ళల్లో తెలుగే అయినా బడిలో అరవమే గనుక, తెలుగు అక్షరాలు వచ్చింది, చనిపోకముందు మా తాత దగ్గర నేర్చుకున్న నాకొక్కదానికే. మావాళ్ళు ఎరిగిన తెలుగు అచ్చంటే దేవుడి పటాల దగ్గర పసుపు పూసి పెట్టిన రామాయణం ఒక్కటే, అందుకని ఆ అక్షరాల్లో ఏముంటే అది నిజమని వాళ్ళ నమ్మకం.

సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆ కథ చదివి వినిపించేదాన్ని. వీధి చివర, ఇంటింటికీ సామలు దంచిపెట్టి బతికే ఒంటరి అవ్వ ఉండేది. చెదలకు భయపడి ఆమె గుడిసెను రాతి కంబాల మీద లేపి కట్టారు, ఆమె కాలొకటి ఎండిపోయి సన్నగా ఉండేది. చదువుతూ చదువుతూ ఒకనాడు అటువైపు వేలు చూపించాను. పిల్లలు కెవ్వుమన్నారు, పెద్దవాళ్ళు గుడ్లప్పగించారు, నేనా రుచి మరిగాను. నిజానికి ఆ కథలో తల్లిలేని పిల్ల నిప్పు కోసం వెళితే, ముసలిది దాని చేత చాకిరీ చేయించుకున్నా, చివరికి మాట తప్పకుండా నిప్పిచ్చి పంపుతుంది. ఆ పుట రాగానే జనం ఆవులించేవాళ్ళు, అందుకని దాటేసేదాన్ని.

నెల తిరక్కుండా ఆమె రోలు మూగబోయింది. సామల మూటలన్నీ పెన్నాగరం మిల్లుకు పోయాయి. ప్రసవమైనప్పుడు ఆమె కాచిన సామగంజి తాగి లేచి కూర్చున్న మా పిన్నమ్మే, ఆమె ఎదురొస్తే బిడ్డను కొంగు కింద దాచి మూడుసార్లు ఉమ్మేది. ఆ ఉమ్మి తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళంతా జిగటగా అనిపిస్తుంది, ఎంత కడుక్కున్నా పోదు.

ఒక సాయంత్రం ఆ అవ్వే మా అరుగు దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా నన్నడిగింది.

"పాపా, నీ బుక్కులో ఆ ముసల్ది ఎవురికన్నా ఒక మేలన్నా చేసినాదా?"

పుస్తకం నా ఒళ్ళో ఆ పుట దగ్గరే తెరిచి ఉంది. ఉందంటే ఇన్నాళ్ళూ దాచినట్టు బయటపడుతుంది.

"లేదవ్వా," అన్నాను.

ఆమె ఆ అక్షరాల వైపు కాసేపు చూసింది. "అచ్చులో లేదంటే లేనట్టే," అని వెళ్ళిపోయింది. మరునాడు రోకలి మా అమ్మ చేతికిచ్చి, తనకింక దీంతో పని లేదని చెప్పి, బొమ్మిడిలో చెల్లెలి కూతురింటికి పోయింది. మళ్ళీ రాలేదు. మా అమ్మ రోకలి వద్దనలేదు, ఆమెను ఉండమనీ అనలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పి, నిప్పిచ్చిన సంగతి కూడా నాటకంలో పెట్టమని బతిమాలాను. అద్దంలో ముక్కు సరిచేసుకుంటూ అంది, "ఐదు నిమిషాల డ్రామా అవ్వా, అదంతా పెట్టేకి టైం లేదు. ఈ ముక్కు చూస్తేనే అందురూ నవ్వుతారు."

ఆనాడు చదవగలిగినది నేనొక్కదాన్నే, దాచాను. ఈనాడు ఏ కథ కావాలన్నా వీళ్ళ అరచేతిలోనే ఉంది, దాచేవాళ్ళెవరూ లేరు, అయినా ఆ పుట దాకా ఓపిక పట్టేవాళ్ళూ లేరు. రోకలి మాత్రం వెనక్కి లాక్కున్నాను. అట్టతో చేసుకుంటానంది, చేసుకోనీ. దాని నడుమ ఆ అవ్వ పిడికిలి అరగదీసిన చోట చెయ్యి పెట్టడానికి నాకివాళ్టికీ ధైర్యం చాలదు.