మిర్రర్ కవరుకు తెల్ల రంగు

పెళ్ళయినప్పటి నుంచి మా బావతో నేను ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. బావ అంటే నా మొగుడి అన్న. మా అత్తవారి తరహా అది. తమ్ముడి పెళ్ళాం బావకు ఎదురుగా నిలబడకూడదు, మాట్లాడాలంటే మధ్యలో ఇంకొకరు ఉండాలి. అత్త నేను రాకముందే పోయింది కాబట్టి ఆ ఇంకొకరు మా మామే. బావ వసారాలో నిలబడి "నాయనా, కాఫీ ఉండాదేమో అడుగు" అంటాడు. నేను తలుపు వెనక నుంచి "మామా, పాలు విరిగిపోయినాయని చెప్పండి" అంటాను. ముగ్గురికీ చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. అయినా మాట మామ దగ్గర ఒకసారి ఆగి వెళ్ళాలి. ఇదేం బాధరా దేవుడా అని మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత నవ్వు పోయింది.

ఇంట్లో తెల్ల కారొకటి ఉంది, మామ పేరు మీద. ఆయన మోకాళ్ళ నొప్పులకు అనంతపురం ఆస్పత్రికి తిరగాలని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నా మొగుడు బెంగళూరులో ఫ్యాక్టరీ పని. బావకేమో సేద్యం, సేద్యం కంటే ఎక్కువగా రాజకీయం. ఆయన నడిపితే గేర్లు ఏడుస్తాయి. అందుకని నేను నేర్చుకున్నాను. గార్లదిన్నె అవతల ఒక పల్లెలో ప్రైవేటు బడిలో టీచరు పని కూడా ఆ కారు వల్లే దొరికింది. ఆ ఊరికి ఉన్న ఒక్క బస్సు బడి గంట కొట్టాక తీరిగ్గా వస్తుంది. కారు లేకపోతే నాకు ఆ ఉద్యోగం లేదు. ఈ సంగతి బావకు బాగా తెలుసు. ఎన్నికల మాటలు మొదలైనప్పటి నుంచి, ఊళ్ళు తిరగడానికి కారు కావాలని, ఆయన కన్ను ఆ తాళం మీదే ఉంది.

ఆయుధపూజకు ముందు రోజు బావ ట్రాక్టర్ ట్రాలీకి నీలం ఆయిల్ పెయింటు కొట్టించాడు. ప్రతి ఏడూ అంతే, ఏడాదంతా తుప్పు పట్టనిచ్చి పండగ ముంగిట రంగు. ఆరడానికి టైము ఎక్కడిది? తెల్లారగానే ఆ పచ్చి రంగు మీదే వరసగా కుంకుమ బొట్లు. బొట్లు జారి నీలంలో కలిసిపోతుంటే, "ఏం కాదులేప్పా, అమ్మవారికి రంగు కనపడితే చాలు" అన్నాడు కూలివాళ్ళతో. కారుకు కూడా పూజ చేశాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పొద్దున తొక్కిద్దామని అలాగే వదిలి, తాళం తెచ్చి మామ గదిలో మేకుకు తగిలించాను.

మరుసటి పొద్దున కారు కడగబోతే ఎడమ పక్క మిర్రర్ కవరు గీసుకుపోయి ఉంది. అరచేయంత మేర తెలుపు లేచిపోయి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. టైర్ల కింద నిమ్మకాయలు నుజ్జునుజ్జు. నేనింకా వంగి చూస్తూనే ఉన్నాను, వెనక నుంచి బావ గొంతు.

"నాయనా, నీ కోడలు బండి యాడ గుద్దిచ్చుకోనొచ్చిందో అడుగు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కొంగు సర్దుకుని పక్కకు తిరిగి, "మామా, పూజ అయినాక నేను తాళమే ముట్టలేదని చెప్పండి" అన్నాను.

"అట్లయితే బండికే కాళ్ళొచ్చినాయా? ఆడోళ్ళ చేతికి స్టీరింగు ఇయ్యొద్దని నేను మొదట్నుంచీ చెప్తాండా. ఈ పొద్దు అద్దం పోయె, రేపు నీ పానం పోతాది."

మామ వసారాలో మంచం మీద కూర్చుని వక్కాకు నములుతున్నాడు. నా వైపు చూడలేదు, కొడుకు వైపూ చూడలేదు. చాలాసేపు నమిలి, ఉమ్మి, తీర్పు చెప్పాడు. "ఆదివారానికి అది ఎట్లున్నెనో అట్ల కావల్లమ్మా. కాకపోతే తాళం పెద్దోనికి ఇచ్చేస్తా. గొడవొద్దు."

గొడవొద్దట! గొడవ నా నెత్తిన పోసి గొడవొద్దట. రాత్రి మొగుడికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "పోనీలే, అన్నే గదా. తాళం ఇచ్చేయ్. బస్సులో పో" అన్నాడు. "యా బస్సు? గంట కొట్టినాక వచ్చే బస్సా? నువ్వొచ్చి తోస్తావా దాన్ని?" అని పెట్టేశాను.

అనంతపురంలో పెయింటింగ్ షెడ్డుకు పోతే, బండి వదిలిపెట్టండి, సోమవారం తర్వాత చూద్దాం అన్నారు. సోమవారం తర్వాత చూడటానికి నాకేం మిగులుతుంది? పక్కనే రంగుల అంగడికి నడిచాను. కౌంటరు మీదున్నాయన నన్ను ఎగాదిగా చూసి, "స్ప్రే డబ్బాలు మీకు చేతకాదులేమ్మా, మీ ఆయన్ను పంపండి" అన్నాడు. "ఆయనొస్తే రంగు దానంతటదే పూసుకుంటాదా? ఏమేం కావల్లో చెప్పన్నా ముందు" అన్నాను. డోరు దగ్గర స్టిక్కరు మీద రంగు నంబరు ఉంటుందని, తెలుపుల్లో బోలెడు తెలుపులున్నాయని అప్పుడు చెప్పాడు. నంబరు చూసొచ్చి చెప్పాను. పుట్టీ, వాటర్ పేపర్లు, ప్లాస్టిక్ ప్రైమరు, తెలుపు, పైన కొట్టే క్లియర్ కోటు. అన్నీ తెచ్చుకున్నాను. ఎలా కొట్టాలో ఫోన్‌లో వీడియోలు చూశాను.

శుక్రవారం బడికి సెలవు పెట్టాను. మిర్రర్ చుట్టూ పాత పేపర్లు కప్పి టేపు అంటించి, కారుకు బిగించి ఉండగానే పని మొదలుపెట్టాను. గీతల్లో పుట్టీ నింపి, ఆరాక తడిపిన గరుకు పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టాను. ఇక తెలుపు. డబ్బాలో గోలీ గలగలమనేదాకా బాగా ఊపి, జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం పెట్టి, పలచగా ఒక పూత. మా పీఠభూమి గాలి సంగతి తెలిసినదాన్నే కదా, అది లేవకముందే, పొద్దున్నే మొదలుపెట్టాను. రెండో పూత పడింది. ఎంత నున్నగా వచ్చిందో! నాకే ముచ్చటేసింది.

అప్పుడు పక్క కళ్ళంలో వేరుశనక్కాయ నూర్పిడి మిషను మొదలైంది.

పొద్దున పదింటికి గానీ కూలివాళ్ళు రారు. ఆ రోజు మాత్రం బావ ఎనిమిదింటికే వాళ్ళను పిలిపించాడు. వానల్లేక చెట్టుకు నాలుగు కాయలు కాసిన పంట అది, రెండు రోజులు ఆగితే కొంప మునిగేదేం లేదు. మిషను మూతి కూడా మా ఇంటి వైపే తిప్పి పెట్టారు. నేను పరుగెత్తాను, బావ దగ్గరికి కాదు. అక్కడే ఉంది మరి మా ఇంటి మర్యాద! ఎదురుగా కనిపిస్తున్న మనిషిని వదిలి, వసారాలో ఉన్న మామ దగ్గరికి పరుగెత్తాను. "మామా, ఒక్క గంట మిషను ఆపమని చెప్పండి! రంగు పచ్చిగుండాది!" మిషను మోతకు ఆయనకు వినపడలేదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఏందమ్మా?" అన్నాడు. మళ్ళీ అరిచాను. ఆయన కర్ర వెతుక్కుని, లేచి, చెప్పులు తొడుక్కుని, కళ్ళం దాకా నడిచేసరికి ఎర్రదుమ్ము, ఆకుపొడి వచ్చి కారు మీద పడిపోయాయి. బావ దూరం నుంచి నన్నే చూస్తున్నాడు. మిషను ఆపించి మరీ తండ్రి మాట విన్నాడు, ఎంత వినయమో.

కవరు చూస్తే ఏడుపొచ్చింది. పచ్చి తెలుపు నిండా ఎర్రటి గరుకు. నీ కళ్ళం నాశనం కాను అని తిట్టుకున్నాను, గట్టిగానే. దానికి మామ మధ్యవర్తిత్వం అవసరం లేదు.

ఇక బయట ఈ పని జరగదని తేలిపోయింది. శనివారం కూడా సెలవు పెట్టి, కవరునే ఊడదీసి లోపలికి తీసుకెళ్ళాలనుకున్నాను. అద్దం గాజును మెల్లగా బయటికి లాగి, వెనకున్న ప్లాస్టిక్ లాకులు నొక్కితే కవరు చేతిలోకి వచ్చింది. తిప్పి చూశాను.

లోపలి అంచు మీద నీలం రంగు.

సన్నటి గీత కాదు, ముద్దగా పేరుకున్న నీలం. గోరుతో నొక్కితే ఇంకా పచ్చిగానే దిగుతోంది. ఆ నీలంలో ఎర్రటి పొడి, కుంకుమ. పైన గుడ్డతో తుడిచేసినట్టున్నారు, అంచు లోపలికి గుడ్డ వెళ్ళలేదు. నేను కవరు చేత్తో పట్టుకునే వెళ్ళి ట్రాలీ చూశాను. వెనక మూల దగ్గర నీలం లేచిపోయి తుప్పు కనిపిస్తోంది. అక్కడున్న కుంకుమ బొట్టులో సగం లేదు.

పూజ అయ్యాక మేకు మీది తాళం తీసి, నిమ్మకాయలు తొక్కించి, తన ట్రాలీకే గీసి, తెచ్చి పెట్టి, నన్ను అడగమన్నాడు, నీ కోడలు యాడ గుద్దిందో అని. అక్కడికక్కడే గొంతెత్తాలనిపించింది. కానీ ఆగాను. ఇప్పుడు చూపిస్తే, పాత మరకలేనని ఒకటంటాడు, ముందు మాట ప్రకారం బాగు చేయించమనండి అని ఇంకొకటంటాడు. ముందు నా వంతు పని నేను చేసి చూపిస్తాను, తర్వాత నీ సంగతి.

బచ్చల్లో, అంటే మా స్నానాల గదిలో, నేల తడిపాను, దుమ్ము లేవకుండా. ముక్కుకు చున్నీ కట్టుకుని, గాలాడేందుకు తలుపు ఓరగా వేసి, పాడైన పూతంతా రుద్దేశాను. లోపలి అంచుకు మాత్రం టేపు వేసి, నీలం నీలంగానే దాచాను. మళ్ళీ ప్రైమరు, మళ్ళీ తెలుపు. ఒక పూత ఆరేదాకా ఇంకొకటి కొట్టలేదు. తొందరపడితే రంగు కారుతుంది, నాకు తొందర లేదు. సాయంత్రం క్లియర్ కోటు పడ్డాక ఆ తెలుపులో బచ్చలి కిటికీ ఊచలు కనిపించాయి.

ఆదివారం బావ వచ్చాడు. కవరు బిగించి ఉంది, లాకులు మాత్రం నేను పూర్తిగా నొక్కలేదు. మామ కర్ర పట్టుకుని మా ఇద్దరి మధ్యలో నిలబడ్డాడు. బావ వంగి చూశాడు, బొటనవేలితో రుద్దాడు, పక్కకెళ్ళి ఎండలో చూశాడు. వంక దొరకలేదు. మొహం మాడ్చుకున్నాడు.

"నాయనా, రంగు పూస్తే సరిపాయనా? గుద్దినోళ్ళకు బుద్ధి రావల్ల గదా. కొన్నాళ్ళు తాళం నాతాన ఉండనీ" అంటూ గదిలోకి వెళ్ళి మేకు మీది తాళం తీసుకుని వచ్చాడు, అడగకుండానే.

నేను మిర్రర్ దగ్గరికి నడిచి, ఒక్క లాగుతో కవరు ఊడదీశాను. టేపు పీకి, మామను దాటి వెళ్ళి బావ ఎదురుగా నిలబడ్డాను.

"బావా."

కళ్ళంలో ఉన్న కూలివాళ్ళు కూడా తలెత్తారు. మీరు అని పిలవడానికి నాకు నోరు రాలేదు.

"చూడు. ఇది నీ ట్రాలీ రంగు. ఇది నీ ట్రాలీకి పెట్టిన కుంకుమ. నువ్వే తీస్కపోతివి, నువ్వే గీస్కొస్తివి, నువ్వే నన్ను దొంగను చేస్తివి. సిగ్గుండాదా నీకు?"

"నాయనా, ఏం మాట్లాడతాండాదో చూడు—"

"నాయనతో కాదు, నాతో చెప్పు. నేను ఈడే ఉండా."

మామ దగ్గాడు. "చాల్లే పెద్దోడా. తాళం ఇచ్చేయ్. ఆ పొద్దు నేను మంచం మీదనే ఉంటి. మేలుకోనే ఉంటి."

బావ తాళం మంచం మీదికి విసిరేసి కళ్ళం వైపు వెళ్ళిపోయాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను, చేతిలో కవరుతో. నా చెవులు సరిగ్గా విన్నాయా అనిపించింది.

"చూసినారా మామా? మీరు చూసినారా?"

"పెద్దోడు గదమ్మా. సేద్యం చూసేటోడు. వాన్ని ఏమనల్ల? నువ్వు ఎట్లాగూ రంగు పూస్తాంటివి, అంతా సర్దుకుంటాదిలే అనుకుంటి."

బావ మీద ఉన్న కోపం ఏదో ఒక రోజు చల్లారుతుందేమో. ఇది చల్లారదు. ఇన్నాళ్ళూ ఇద్దరి మాటలూ మోసిన మనిషి, నాకు కావాల్సిన ఆ ఒక్క మాటా వక్కాకుతో పాటు నమిలి ఊరుకున్నాడు. కవరు బిగించాను. ఈసారి లాకులు టప్పుమనేదాకా నొక్కాను.

సోమవారం మామకు ఆస్పత్రి రోజు. ప్రతి సోమవారం ఆయన్ను అనంతపురం బస్సు కోసం గార్లదిన్నె బస్టాపులో దించి, నేను బడికి వెళ్తాను. ఆ రోజూ ఆయన ఉతికిన పంచె కట్టుకుని, కర్ర పట్టుకుని, కారు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఎక్కి కూర్చుని, ఎడమ పక్క కిటికీ దించాను.

"ఆస్పత్రికి తీస్కపొమ్మని బావకు చెప్పుకోండి మామా. పెద్దోడు గదా."

ఆయన చెయ్యి డోరు మీదే ఉంది. నేను బండి కదిపాక తీశాడు. ఎడమ పక్క అద్దంలో ఆయన, ఆయన వెనక నీలం ట్రాలీ, మలుపు దాకా కనిపించారు. నేను బండి ఆపలేదు.