పలక మీద రేడియేషన్

ఆ రోజుల్లో నాకు జీతం కంటే ఉద్యోగం పేరు పెద్దది. క్షేత్ర సమన్వయకర్త. మార్కాపురం చుట్టుపక్కల ఊళ్ళలో నేలలోంచి, రాళ్ళలోంచి సహజంగా వచ్చే రేడియేషన్‌ని ఊరివాళ్ళే రోజూ కొలిచి రాసిపెట్టేలా చూడటం నా పని. (రేడియేషన్ గురించి మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. రెండో రోజు భోజనం చాలా బాగుంది.) మొదటి నెల అంకెలు సరిగ్గా వస్తేనే ఉద్యోగం ఖాయమన్నారు.

పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒక పెద్దమ్మ ఇంటి అరుగు మీద కొలిచే పెట్టె పెట్టాను. రోజూ పొద్దున్నే అంకె రాయమని పుస్తకం ఇస్తే, "కాయితం మా మేకలు తింటాయి నాయనా" అంది. నేనే గొప్ప ఉపాయం చెప్పాను. "అయితే పలక మీద రాయి పెద్దమ్మా, ఊరందరికీ కనపడుతుంది."

నెల తిరిగాక మా సారు తనిఖీకి వచ్చాడు. పలక మీద ఒకే ఒక్క అంకె ఉంది. మిగతావి ఏవని అడిగాడు.

"తుడిచినా గదా. తుడవకుండా మళ్ళా ఎట్ల రాస్తారు సారూ?" అంది పెద్దమ్మ, ఆయన చదువు మీద జాలిపడుతూ.

సారు నా వైపు చూశాడు. నా ఉద్యోగాన్నీ తడిగుడ్డతో తుడిచేశారని అర్థమైంది.

"ఏందబ్బా, అంకెలే గదా కావాల్సింది, చెప్తా రాసుకోండి. నల్లమేక ఈనిన పొద్దు పదమూడు. తెల్లారి పద్నాలుగు. చిన్నకోడలు అలిగి గిద్దలూరు పోయిన పొద్దు పన్నెండు. తిరిగొచ్చిన పొద్దూ పన్నెండే." అలా ముప్పై రోజులూ చెప్పింది.

సారు నమ్మక, పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించాడు. (అంకెలన్నీ ఆ పెట్టే దాచుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, భోజనం తర్వాత.) ఇరవై తొమ్మిది సరిపోయాయి. ఒక్క సోమవారం మాత్రం పెట్టె పదహారంటే పెద్దమ్మ పదమూడంది. నెలలో వాన పడింది ఆ ఒక్కరోజే. వానకు అంకె కాస్త పెరుగుతుందట, సారుకు కావలసింది సరిగ్గా అదేనట.

"ఆ పొద్దు నేను కనిగిరికి పెళ్ళికి పోయినా. రాయమని ఈ అబ్బాయికే చెప్పిపోయినా. వచ్చి చూస్తే పలక మీద పదమూడే ఉండె" అంది పెద్దమ్మ.

నిజమే. బస్సు వెళ్ళిపోతుందని, పెట్టె వైపైనా చూడకుండా, ముందురోజు అంకెను అలాగే వదిలేసి పరిగెత్తాను. నెల మొత్తంలో పలక తుడవనిది నేనొక్కడినే.

సారు నాకు ఇంకో నెల గడువిచ్చాడు, పెద్దమ్మ దగ్గర పని నేర్చుకోమని. నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చేది నేనే; పెట్టె సంగతి భోజనానికి ముందే చెబుతాను. పెద్దమ్మ కథా చెబుతాను. వానలో తడుస్తూ పరిగెత్తిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. ఆ రోజు బస్సు కూడా అందలేదన్న సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.