అమ్మాజీ షెడ్డులో స్పిరిట్ డ్రమ్ములు

గిలకలదిండిలో అమ్మాజీ నోటికి జడవని వాళ్ళు లేరు. తూకంలో దగా చేసిన బోటు ఓనరుని ఒకసారి నడిరేవులో నిలబెట్టి, ఏడు తరాలనూ వరసపెట్టి కడిగేసింది. భర్త పోయాక ఆ నోరే ఆమెకు తోడు. ఆ నోటితోనే బందరు రోడ్డు పక్కన రేకుల ఐసు షెడ్డు వేయించుకుంది. పాత వ్యానొకటి కొని, తల్లి పోయినప్పటి నుంచీ తన చేతుల మీద పెరిగిన తమ్ముడు కళ్యాణ్‌ని దానికి డ్రైవరుని చేసింది.

ఆ షెడ్డులోకి స్పిరిట్ డ్రమ్ములు వచ్చింది 2005 వేసవిలో.

తెచ్చినాయన గుడివాడ పూర్ణచంద్రరావు. కృత్తివెన్ను దగ్గర ఆయనకు రొయ్యల చెరువులుండేవి. వైరస్ సోకి చెరువులు మూతబడ్డాక ఆ నేల చదును చేయించి, మెలికలు మెలికలుగా తారు రోడ్డు వేయించాడు. శని, ఆదివారాల్లో గుడివాడ నుంచీ బెజవాడ నుంచీ స్నేహితులు కార్లేసుకుని వచ్చేవాళ్ళు. పోటీ లేదు, పందెం లేదు, ఉత్త సరదా. పాత మారుతీలకు ఇంజన్లలో మార్పులు చేయించి, పెట్రోలుకు బదులు ఇథనాల్ పోసి నడిపేవాళ్ళు. దాంతో ఇంజను అంతగా వేడెక్కదట, బండి బాణంలా దూసుకుపోతుందట.

బండ్లు సరే, ఆ ఇథనాల్ దాచేదెక్కడ? వేడి తగిలితే ఆవిరైపోతుంది. మూత వదులైతే సముద్రపు గాలిలో తేమంతా పీల్చుకుని పాడవుతుంది. గుడివాడ ఇంట్లో పెడదామంటే ఆయన భార్య అరుణకుమారి గుమ్మం తొక్కనివ్వలేదు. పెట్రోలు బంకు వాళ్ళు లైసెన్సు చూపించమన్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు అమ్మాజీ షెడ్డు.

"మా ఆవిడ ఇంట్లో పెట్టనివ్వడం లేదు, ఓ మూల నాలుగు డ్రమ్ములు పెట్టుకోనీ అమ్మాజీ. ఐసు పక్కన చల్లగా ఉంటాయి. కళ్యాణ్ ఎటూ వారం వారం మాకు చేపలు తెస్తాడుగా, వాటితోపాటే ట్రాకు దగ్గరికి పట్టుకొస్తాడు."

"ఏముందండీ వాటిలో?"

"స్పిరిట్. కార్లలోకి."

"అంటుకుంటుందేమోనండీ?"

"పెట్రోలంత కాదులే. నీళ్ళలో కలిసిపోయే సరుకు. నేను చెబుతున్నాగా!"

ఆయన చెబుతున్నాడుగా అని తాళం తీసి చోటు చూపించింది. చెరువులు బాగున్న రోజుల్లో ఆమె దగ్గరే ఐసు కొన్న మనిషి. ఎక్కడ ఎదురైనా కారాపి పలకరించే మనిషి. ఎందుకు అనుమానించాలి?

కళ్యాణ్‌కి మాత్రం పండగే. ఒకసారి పూర్ణచంద్రరావు వాణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ట్రాకు చుట్టూ తిప్పాడు. ఆ వారమంతా వాడికి అన్నం సయించలేదు. వ్యానులో డ్రమ్ముల మీద తడి గోనెలు కప్పి, పైన చేపల పెట్టెలు పేర్చేవాడు. చేపల వాసన ముందు స్పిరిట్ వాసన ఎవరికి తెలుస్తుంది? దారిలో ఎవరూ ఆపలేదు. పెడన దాటేదాకా తల తిరుగుతోందని కిటికీ దించుకుని నడిపేవాడు. అది అక్కకు చెప్పలేదు.

ఒక ఆదివారం అతిథులెక్కువై పండుగప్ప కూర కావాలని కబురొచ్చింది. చేపలు కోసివ్వడానికి అమ్మాజీ కూడా వ్యానెక్కింది. మిట్టమధ్యాహ్నం. షామియానా కింద కూర్చుని ఆమె పొలుసు గీకుతోంది. ఎండలో కళ్యాణ్ ప్లాస్టిక్ గొట్టంతో డ్రమ్ములోంచి డబ్బాలోకి ఇథనాల్ దించి, అప్పుడే వచ్చి ఆగిన కారులో పోస్తున్నాడు. ఆ కారు ఇంజను ఇంకా కాలుతూనే ఉంది.

ఉన్నట్టుండి నవ్వులు వినిపించాయి. తలెత్తి చూసింది. కళ్యాణ్ గెంతుతున్నాడు. చేతుల మీద, మెడ మీద తనను తానే చరుచుకుంటున్నాడు.

"ఏంట్రా, గండుచీమలు కుట్టాయా?" అని ఎవరో అరిచారు. ఇంకొకాయన చప్పట్లు కొట్టాడు.

పొగ లేదు. మంట లేదు. కానీ తమ్ముడి చొక్కాకు వాటంతటవే చిల్లులు పడుతున్నాయి. చేతి మీది వెంట్రుకలు ముడుచుకుపోతున్నాయి. ఎండలో స్పిరిట్ మంట కంటికి కనిపించదని అమ్మాజీకి తెలియదు. తమ్ముడు కాలిపోతున్నాడని మాత్రం తెలిసింది. ఐసు కరిగిన నీళ్ళ తొట్టిని చేపలతో సహా ఎత్తి వాడి మీద కుమ్మరించింది. రెండోది కూడా కుమ్మరించింది. వాడు చేపల మధ్యన కూలబడ్డాక గానీ నవ్వులు ఆగలేదు.

బందరు పెద్దాసుపత్రికి పూర్ణచంద్రరావే తన కారులో తీసుకొచ్చాడు. దారి పొడవునా "అయ్యో, అయ్యో" అన్నాడు. వార్డు బయట మాత్రం గొంతు తగ్గించాడు.

"స్టవ్ పేలిందని చెప్పు అమ్మాజీ. మిగతాదంతా నేను చూసుకుంటాను."

"ఈ ఊళ్ళో ఎవరు కాలినా స్టవ్వే పేలుతుందా అండీ?"

"అరవకు. గొడవైతే ముందు మునిగేది నువ్వే. సరుకున్నది నీ షెడ్డులో, తాళం నీది. లైసెన్సు లేని స్పిరిట్, ఆలోచించుకో."

అమ్మాజీ ఆయన్ను ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళుగా పలికిన 'అండీ' ఆ క్షణంలో ఆమె నోట్లోంచి ఊడిపోయింది.

"చల్లగా ఉంటుందన్నావు. పెట్రోలంత కాదన్నావు. నీ పెళ్ళాం గడప దాటనివ్వని సరుకుని నా చేపల కింద దాచావు. వాడు కాలిపోతుంటే నీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు స్టవ్ అంటున్నావు!"

నర్సులు పరుగెత్తుకొచ్చారు. పూర్ణచంద్రరావు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లోపల మంచం మీద కళ్యాణ్ కట్ల మధ్య నుంచి గొణిగాడు. "అక్కా, స్టవ్వనే చెబుదామే. ఆయన నన్ను ట్రాకు మీద కారు నడపనిస్తానన్నాడు."

ఆమెకు ఏడుపు రావాల్సింది. కోపమొచ్చింది. "ఆ చేతులతో నడుపుతావా? నోర్ముయ్!" అంది. ఆ మాట అన్నందుకు బయట గోడకేసి తల కొట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తాళం చెవి పట్టుకుని ఎక్సైజు స్టేషనుకి వెళ్ళింది. ఎస్సై సుందరరాజు నెమ్మదైన మనిషి. అంతా విని కలం పక్కన పెట్టాడు.

"ఇది రాస్తే నువ్వూ ముద్దాయివి అవుతావమ్మా. తెలిసే చెబుతున్నావా?"

"తెలిసే చెబుతున్నానండీ. ముందు నా పేరే రాయండి. ఆ తర్వాత ఆయన పేరు, ఇంటిపేరుతో సహా రాయండి."

షెడ్డుకి సీలు పడింది. లోపలున్న ఐసు కరిగి తలుపు కింద నుంచి రోడ్డు మీదికి పారింది. కళ్యాణ్ మందులకు వ్యాను అమ్మేసింది. తల్లి చేసినట్టే మళ్ళీ గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగింది. "పెద్దవాళ్ళతో మనకెందుకే" అన్న ప్రతివాళ్ళ మీదా విరుచుకుపడింది. చివరికి చేపలు కొనేవాళ్ళు కూడా బేరమాడటానికి భయపడేవాళ్ళు.

కళ్యాణ్ కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. స్టీరింగు పట్టుకోలేడు. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఆయన ఏదో ఒక దారి చూపించేవాడని చాలాకాలం అక్కతో మాట మానేశాడు. ఆమె అన్నం పెట్టేది, వాడు తినేవాడు, అంతే. ఆయన బెజవాడ స్నేహితుల్లో ఒక్కడూ చూడటానికి రాలేదని వాడికై వాడికి తట్టిన రోజున, ఎడంచేత్తో గంప ఎత్తి అక్క నెత్తిన పెట్టాడు.

కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ప్రతి వాయిదాకీ ఇద్దరి పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి పిలిచేవాళ్ళు. ఇస్త్రీ చొక్కాతో పూర్ణచంద్రరావు, చేపల వాసనతో అమ్మాజీ పక్కపక్కనే నిలబడేవాళ్ళు. ఆయన ఎడంగా జరిగితే ఆమె కావాలని దగ్గరికి జరిగేది. చివరికి ఇద్దరికీ జరిమానా పడింది. అప్పటికే ట్రాకు మూతబడి, తారు పగిలి పిచ్చి మొక్కలు లేచాయి.

ఆఖరి రోజున కోర్టు ఆవరణలో ఆయనే పలకరించాడు. "నువ్వూ నష్టపోయావు, నేనూ నష్టపోయాను. ఇక మరిచిపో అమ్మాజీ."

"నీకు పోయింది సరదా" అంది అమ్మాజీ. "వాడి చెయ్యి ఒక్కసారన్నా చూశావా? ఇంటికి రా. వచ్చి చూడు. మరిచిపోవాలో లేదో అప్పుడు చెబుతాను."

ఆయన కారు వైపు నడిచాడు. డ్రైవరు కారు తలుపు తీస్తే ఎక్కి కూర్చున్నాడు. కారు గేటు దాటేదాకా అమ్మాజీ తిడుతూనే ఉంది. ఆ తర్వాత కొంగు బిగించుకుని, మధ్యాహ్నం పడవలు వచ్చే వేళయిందని గిలకలదిండి ఆటో ఎక్కింది.