వదిన చూసొచ్చిన నా కోట

కాస్త ఇటు జరిగి కూర్చోండమ్మా, ఈ ఏసీ చప్పుడులో నా మాట వినబడదు. టీ చేతిలోకి తీసుకోండి, చెబుతాను. మొన్న శుక్రవారం మా ఆయన కంపెనీవాళ్ళు బస్సు పెట్టి కుటుంబాలన్నింటికీ దోహా అవతల ఉన్న జుబారా కోట చూపించారు. ఎడారి మధ్యన ఇసుక రంగు కోట, మూలమూలకూ బురుజులు, చూడ ముచ్చటగానే ఉంది. అందరూ ఫోటోలు దిగుతుంటే నాకు మాత్రం కడుపులో పాత మంట ఒకటి లేచింది. "ఏందే, ఎండ గొట్టిందా?" అన్నాడు మా ఆయన. ఎండ కాదు. నాకు ఇంకో కోట గుర్తుకొచ్చింది. అది ఇంగ్లండులో ఉంది. నేను చూడలేదు. నాకు బదులు మా వదిన చూసొచ్చింది.

వదిన అంటే అన్న భార్య అనుకునేరు, కాదు. దోహాలో ఒక ఇంగ్లీషు మదాం ఇంట్లో నేను వంట చేసేదాన్ని, ఈ వదిన వాళ్ళ పాపను చూసుకునేది. నాది జగిత్యాల వైపు, ఆమెది కోనసీమ. ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్ళం. మదాం పుట్టిన ఊరు వారం వారం అంగడి జరిగే చిన్న పట్నం. అక్కడున్న వాళ్ళమ్మ ఏటా ఆ ఊరి బొమ్మల క్యాలెండరు పంపేది. మదాం దాన్ని సరిగ్గా నా పొయ్యి పక్కన తగిలించేది. ఒక నెల గుట్ట మీద సగం కూలిన కోట, ఒక నెల ఏటి మీద రాతి వంతెన, ఒక నెల అంగడి నడుమ పాతిన రాతి శిలువ. ఉన్ని వ్యాపారులు కట్టుకున్న కర్రల మేడ ఒకటుండేది, అచ్చం తాగినవాడిలా పక్కకు ఒరిగి. నాకు చదువు రాదు గానీ చెవిన పడ్డది పోదు. ఉల్లిగడ్డలు కోస్తూ నేను అడిగేదాన్ని, మదాం సగం హిందీలో సగం ఇంగ్లీషులో చెప్పేది. కోటను ఎవరు చుట్టుముట్టారు, లోపలివాళ్ళు ఆకలికి తాళలేక సొంత గుర్రాలను ఎలా తిన్నారు, వంతెన దాటాలంటే సుంకం ఎవరికి కట్టాలి, అన్నీ. నా తాలింపు పొగకు ఆ కోట పసుపు రంగుకు తిరిగింది. మరి అది నా కోట కాక ఎవరిది?

ఒక ఎండాకాలం మదాం పుట్టింటికి వెళ్తూ, మా ఇద్దరిలో ఒకరిని వెంట తీసుకెళ్తానంది. నన్నేననుకున్నాను. ఆ మండే ఎండల్లో పోయి ఊలు స్వెటరు కొన్నాను. దుకాణంవాడు నన్ను ఎగాదిగా చూశాడు. తీరా పాప వదిన చున్నీ వదల్లేదు. వీసా వదినకే వచ్చింది. "వచ్చే ఏడాది నువ్వు" అంది మదాం. నేను నవ్వాను. ఆ నవ్వుకు దవడలు నొప్పిపుట్టాయి. స్వెటరు మడిచి వదిన చేతిలో పెట్టాను.

"మొహం అలా పెట్టకే వదినా. నీకేం తేవాలో చెప్పు."

"నాకేం తేకు. కోట మీదికెక్కి జర చుట్టూ చూడు. ఆ శిలువను ముట్టు. వంతెన మీద ఆగి కిందికి చూడు. గంతే."

వెళ్ళింది. ఫోటోలు పంపింది. ఏమిటవి? అంగట్లో కొత్తిమీర కట్ట, బంగాళాదుంపలు, వానలో తడిసిన గొర్రె. కోట ఏదే అంటే, "చలి వదినా, బాబోయ్!" అని గొంతు రికార్డు చేసి పంపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైతే ఆపాటికి కోట రాళ్ళన్నింటినీ పేరుపేరునా పలకరించేదాన్ని.

తిరిగొచ్చిన శుక్రవారం దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో, మా గదిలో పెట్టె విప్పింది. ఇక్కడ మనవాళ్ళు ప్రయాణం చేసొచ్చిన పెట్టెను ఒంటరిగా విప్పరు. తెలిసినవాళ్ళంతా చుట్టూ చేరాలి, తెచ్చింది పంచాలి, చూసింది చెప్పాలి. నేను దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాను. వదిన బిస్కెట్లు పంచుతూ అందుకుంది.

"ఊరి బయట పెద్ద మఠం చూపించారు. గోడలున్నాయి, కిటికీలున్నాయి, పైన కప్పు లేదు. స్లాబు ఎప్పుడేస్తారు మదాం అని అడిగేశాను. కాంట్రాక్టరు పారిపోయాడనుకున్నానే!"

గది ఘొల్లుమంది. మా మగవాళ్ళంతా కట్టడాల పనిలో ఉన్నవాళ్ళే. మాకు తెలిసిన మొండిగోడలన్నీ ఇంకా లేస్తున్నవే గానీ కూలినవి కావు.

"ఎనుకట రాజు పీకిచ్చిండు, కప్పు మీది సీసం కోసం. ఆగస్టు నెల బొమ్మ అది," అన్నాను గోడ దగ్గర్నుంచే.

"చూశారా! విమానం ఎక్కింది నేను, ఊరు తెలిసింది ఈవిడకి."

అందరూ నావైపు తిరిగారు. ఇక నేనే చెప్పాను, కోట, గుర్రాలు, సుంకం. వదిన తలూపుతూ కూర్చుంది. గెలిచాననుకున్నాను.

అప్పుడు వదిన ఆ ఊరి చర్చి సంగతి ఎత్తింది. క్యాలెండరులో దాని గోపురమే ఉండేది, లోపలి నేల లేదు. ఆ నేలంతా సమాధి రాళ్ళేనట, పేర్లు చెక్కి ఉంటాయట, జనం వాటి మీదే నడుస్తారట.

"అంతమంది పడుకున్నారు, వాళ్ళ మీద బూట్లతో ఎలా నడుస్తాను చెప్పు? గుమ్మంలో విప్పేసి ఒట్టికాళ్ళతో అంచంటా వెళ్ళాను. అయినా ఓ రాయి మీద కాలు పడింది. వంగి దణ్ణం పెట్టుకున్నాను. చల్లదనం మోకాళ్ళదాకా పాకేసింది వదినా. అక్కడ కాపలా ఉండే ముసలాయన చూసి, ప్రార్థనప్పుడు మోకాళ్ళ కింద వేసుకునే మెత్త తెచ్చి నా పాదాల దగ్గర పెట్టాడు. పక్కన కూర్చుని తన బూట్లు కూడా విప్పేశాడు."

అప్పటిదాకా నాకున్నది ఉడుకుమోత్తనం. అసలు అసూయ ఆ క్షణాన పుట్టింది, వదిన పాదాలను చూస్తుంటే. ఎంత విన్నా, ఎంత గుర్తుపెట్టుకున్నా ఆ చల్లదనం నాకు రాదు. మెల్లగా జరిగి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఎట్లుండె వదినా, ఆ రాయి?"

"చెప్పడం రావట్లేదే. వచ్చే ఏడు నువ్వే తొక్కి చూద్దువుగాని."

ఆ వచ్చే ఏడు రాలేదు. చలికాలంలోనే మదాం భర్త కాంట్రాక్టు ముగిసింది. వాళ్ళు సామాను సర్దుకుని సొంతూరికి వెళ్ళిపోయారు, వదిన దూరాన దుఖాన్ అనే ఊళ్ళో ఇంకో ఇంట్లో పనికి చేరింది. ఇప్పటికీ ఫోన్ చేసి, "ఆ వంతెన కథ ఏమిటో మళ్ళీ చెప్పు, నాకు గుర్తులేదు," అంటుంది. చెబుతాను. చెప్పినంతసేపూ ఉడుకుతూనే చెబుతాను.

వందల ఏళ్ళుగా నిలబడ్డ ఆ రాళ్ళకు నా కోసం ఇంకొన్నాళ్ళు ఆగడం పెద్ద పనేమీ కాదు, ఆగే ఉంటాయి. ఆగనివి మనుషుల ఏళ్ళే. మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ, మీ ఇంట్లోవాళ్ళు మనసుపడ్డ చోటికల్లా తమ కాళ్ళతోనే పోయి, క్షేమంగా తిరిగి రావాలి.