ఇంటికో భుజం

నా చిన్నప్పుడు, టేకులపల్లి అడవి లోపలున్న మా గూడెంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరికైనా జబ్బు ముదిరితే నులకమంచానికి బొంగులు కట్టి, రోగిని దానిమీద పడుకోబెట్టి, వాగు దాటించి జీపులు ఆగే రోడ్డు దాకా మోసుకెళ్ళేవారు. అందుకు ఇంటికో భుజం రావాల్సిందే. రోగితో మాటలున్నా సరే, లేకున్నా సరే. ఆ కట్టుబాటు తప్పకుండా చూసే పెద్దమనిషి మా తాతయ్య. మంచం లేచిందంటే పిల్లలమంతా కేకలు వేస్తూ ముందు పరుగెత్తేవాళ్ళం, మాకది పండగే! ఆ రోజు మాత్రం మంచం మీద మా అమ్మ ఉంది.

మలేరియా జ్వరం తలకెక్కి అమ్మ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. ఎగువన మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే వాగు పొంగుతుంది, ఇక దాటడం కుదరదు. నేను అమ్మ మంచం చుట్టూ తిరుగుతున్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటి మామ చేతులు కట్టుకుని, తాను మొయ్యనని అడ్డం తిరిగాడు.

గూడెంలో ఒంటిమీద పట్టింపున్న మనిషంటే ఆయనే. నీళ్ళు కాచి చల్లార్చి తాగేవాడు, సారా ముట్టేవాడు కాదు, సర్కారు పంచిన దోమతెర కట్టుకోందే పడుకునేవాడు కాదు. మా నాన్న సంగతి వేరు. ఆయన తన దోమతెరతో వాగులో చేపలు పట్టాడు. సగం గూడెం అదే పని చేసింది. ఆ చేపలు ఎంత రుచిగా ఉండేవో చెప్పలేను.

“దోమతెరేసి చాపలు పట్టింది మీరు. నేనేమో పైలంగ ఉంటి. మా ఇంట్ల ఇంతవరకు ఒక్కలు మంచమెక్కలె. మీ నిర్లక్ష్యానికి నా భుజమెందుకు అరగాలె మామా?” అని తాతయ్యనే నిలదీశాడు.

తాతయ్య చేతికర్ర లేస్తుందని ఆశపడ్డాను. లేవలేదు.

“అవ్, అల్లుడు చెప్పింది న్యాయమే. ఇంతవరకు మంచమెక్కని ఇండ్లోళ్ళంత పక్కకు జరుగుండ్రి. ఎక్కినోళ్ళే మోస్తరు” అన్నాడు.

ముందు ఒకడు మొహమాటంగా జరిగాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. చూస్తుండగానే కండబలం ఉన్నవాళ్ళంతా చింతచెట్టు కిందికి చేరారు. మిగిలిందెవరు? మొన్ననే జ్వరంనుంచి లేచిన మా నాన్న, ఆయాసంతో రొప్పే ఒక ముసలాయన, ఇంకో ఇద్దరు బక్కప్రాణులు. వాళ్ళే భుజం పెట్టారు. మంచం మోకాలెత్తు లేచి ఒక పక్కకు ఒరిగింది. అమ్మ జారిపోతూ పట్టుకోసం చెయ్యి గాల్లోకి చాపింది. నేను కెవ్వుమన్నాను.

“ఆగుండ్రి!” అంటూ మామ ఒక్క ఉదుటున వచ్చి మంచంకోడు పట్టుకున్నాడు. పక్కకు జరిగినవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. మంచం ఒరిగిన వైపు తాతయ్య రెండు చేతులూ ముందునుంచే కింద అడ్డం పెట్టి ఉంచాడని నాన్న తర్వాత ఎప్పుడో చెప్పాడు.

ఇక చూడాలి ఆ పరుగు! “జల్దీ, జల్దీ!” అని అరుస్తూ పిల్లలం ముందు, మంచం వెనక. వాగులో నీళ్ళు నడుముదాకా వచ్చాయి, మంచం తలలపైకి లేచింది. మామ ముందు బొంగు వదలకుండా దారి పొడుగునా మా నాన్నను తిడుతూనే ఉన్నాడు. “ఇయ్యాల మోస్త బావా. మల్ల దోమతెర కట్టకుంటే నిన్నే వాగుల ఏస్త!” నాన్న రొప్పుతూ “కడ్త, కడ్త” అన్నాడు. అవతలి గట్టెక్కామో లేదో వాన దంచి కొట్టింది. నేను తడుస్తూ ఎగిరి గంతులేశాను.

అమ్మ బతికింది. మామ మాటనూ తాతయ్య కొట్టిపారేయలేదు. పొద్దుగూకాక ఇంటింటా దోమతెరలు కట్టారో లేదో చూసే పని ఆయనకే అప్పజెప్పాడు. మామ ఆ పెత్తనం ఎంత సంబరంగా చేశాడని!

ఇప్పుడు నేను చేసే కొలువులో ఆరోగ్య బీమాకని అందరి జీతంలోనూ కోత పడుతుంది. రోజూ తెల్లవారకముందే పరుగెత్తే కుర్రాడొకడు, సిగరెట్లు తాగేవాడి దవాఖానా ఖర్చు తానెందుకు పెట్టాలని గింజుకుంటాడు. వాడి మీద నాకు కోపం రాదు, అడిగిందాంట్లో న్యాయముంది. నేనూ ఒళ్ళు జాగ్రత్తగానే చూసుకుంటాను. కానీ వాడు ఆ మాట అన్నప్పుడల్లా బలమున్నవాళ్ళు ఒక్కొక్కరే పక్కకు జరగడం, గాల్లో పట్టు దొరకని మా అమ్మ చెయ్యి నాకు కనిపిస్తాయి. ఆ చెయ్యిని చూసినదాన్ని, పక్కకు జరగడం నావల్ల కాదు.